మొదటి రౌండులో ఆగిపోయేవారికి ఏం దక్కుతుంది? అంతర్జాతీయ పియానో పోటీలపై ఒక సమీక్ష

పోలండ్ రాజధాని వార్సాలో, పోలిష్ స్వరకర్త షోపాన్ పేరిట 2021లో జరిగిన పోటీ మొదటి రౌండులో 87 మంది వాయించారు. రెండో రౌండుకు 45 మంది, మూడో రౌండుకు 23 మంది, ఫైనల్‌కు 12 మంది మిగిలారు. వీడియో వడపోత దాటి, ప్రిలిమినరీ దాటి, వేదిక దాకా వచ్చినవాళ్లలోనే 42 మంది ఒక్కసారి వాయించి ఇంటిదారి పట్టారు. వీడియో దగ్గరే ఆగిపోయినవాళ్లు వీళ్లకు ఎన్నో రెట్లు.

పోటీ నిర్వహణ కూడా ఒక సేవే. ఫీజు కడతారు, దరఖాస్తు పెడతారు, ప్రయాణం చేస్తారు, ఏడాదికి పైగా జీవితాన్ని దాని చుట్టూ కట్టుకుంటారు. అలాంటప్పుడు ఆ సేవను మొదటి బహుమతి మొత్తాన్ని బట్టి కొలిస్తే ఆ కొలత ఒక్కరికే పనికొస్తుంది. ఇక్కడ మేము వాడిన కొలబద్ద వేరు: ముందే ఆగిపోయిన పోటీదారు చేతికి ఏం వచ్చింది? మంచి పియానో మీద కూర్చునే వ్యవధి దొరికిందా, రికార్డింగు నిలిచి ఉందా, మార్కులు చూసుకునే వీలుందా, ఉండటానికీ సాధన చేయడానికీ చోటు ఇచ్చారా? ఈ కొలతతో చూస్తే పేరున్న పోటీల మధ్య కూడా తేడాలు బాగానే కనిపిస్తాయి.

అసలు ఏ పోటీకి పెట్టాలో తేల్చుకోవడానికి రెండు చోట్లు నమ్మదగినవి. ఒకటి 1957లో జెనీవాలో పుట్టిన అంతర్జాతీయ సంగీత పోటీల ప్రపంచ సమాఖ్య. రెండోది గుస్తావ్ అలింక్, పియానో విద్వాంసురాలు మార్తా ఆర్గెరిచ్ కలిసి 1999లో పెట్టిన అలింక్-ఆర్గెరిచ్ ఫౌండేషన్. ఇది ప్రత్యేకంగా పియానో పోటీల వివరాలనే ఏరి కూర్చి పెడుతుంది. సమాఖ్యలో సభ్యత్వం ఉన్నంత మాత్రాన పోటీ గొప్పదని కాదు, కానీ జ్యూరీ, నియమాలు, బహుమతుల చెల్లింపు విషయంలో ఒక కనీస కట్టుబాటు ఉంటుంది. సభ్యత్వం శాశ్వతం కూడా కాదు. 1958 నుంచి నడుస్తున్న చైకోవ్‌స్కీ పోటీని సమాఖ్య 2022 ఏప్రిల్‌లో తొలగించింది. కాబట్టి పాత జాబితా చూసి లెక్కలు వేసుకోకండి. దరఖాస్తు పెట్టే నెలలో మరోసారి చూడండి.

ముందు దరఖాస్తు ఫారం సంగతి. ఇక్కడ తిరస్కరణకు గురయ్యేవాళ్ల తప్పులు దాదాపు ఎప్పుడూ అవే. పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి, వేదిక మీద వాడే పేరు వేరైతే దానికి వేరే గడి ఉంటుంది. గడువు నిర్వాహకులు ఉన్న చోటి గడియారం ప్రకారమే ముగుస్తుంది. సిఫారసు లేఖలను కొన్ని పోర్టళ్లు రాసేవారి చేతే నేరుగా ఎక్కించమంటాయి. వాళ్లకు వెళ్లే లింకు స్పామ్ ఫోల్డరులో పడి ఉంటుంది, ఎవరూ చూడరు. లింకు పంపిన రోజే గురువుగారికి ఫోన్ చేసి వచ్చిందో లేదో అడగడం ఉత్తమం. ఫీజు బ్యాంకు ద్వారా పంపితే మధ్యలో ఉండే బ్యాంకులు తమ వంతు కోసుకుంటాయి. నిర్వాహకులకు తక్కువ మొత్తం చేరి దరఖాస్తు అసంపూర్తిగా నిలిచిపోతుంది. చార్జీలన్నీ పంపేవారే భరిస్తారన్న ఆప్షన్ ఎంచుకుంటే ఈ తలనొప్పి ఉండదు.

ప్రోగ్రామ్ వివరాలు నింపే చోట ఇంకాస్త నిదానం కావాలి. ఒకే రచనకు వేర్వేరు సూచీల్లో వేర్వేరు సంఖ్యలుంటాయి. హైడన్ సి మేజర్ సొనాటా (పలు భాగాలున్న రచన) హోబోకెన్ 16:50నే మరో లెక్కలో 60వ సొనాటా అంటారు. స్కార్లాటీ డి మైనర్ సొనాటా కిర్క్‌ప్యాట్రిక్ సంఖ్య 141 అయితే లాంగో సంఖ్య 422. ఒక రౌండుకు ఒక లెక్క, మరో రౌండుకు ఇంకో లెక్క రాస్తే ఒకే రచనను రెండుసార్లు పెట్టారని అనుమానం వస్తుంది. చాలా పోటీల్లో ఒక రచన రెండు రౌండ్లలో రాకూడదు కాబట్టి ఆ అనుమానం ఖరీదైనదే. ప్రతి రచనకూ సంఖ్య, సి మేజర్, డి మైనర్ లాంటి శ్రుతి పేరు, భాగాల పేర్లు, వ్యవధి అన్నీ రాయండి.

వ్యవధి దగ్గర చాలామంది దెబ్బతింటారు. ఇంట్లో స్టాప్‌వాచ్ పెట్టి తీసిన లెక్క వేదిక మీద నిలవదు. రచనల మధ్య విరామాలు, కుర్చీ సర్దుకోవడం, పెద్ద హాల్లో ప్రతిధ్వని తగ్గేదాకా ఆగడం, ఇవన్నీ కలుస్తాయి. పరిమితికి కనీసం రెండు నిమిషాలు లోపలే ఉండాలి. పునరావృత్తుల విషయం ముందే తేల్చుకోవాలి. షోపాన్ ఓపస్ 35 సొనాటా మొదటి భాగంలో ఎక్స్‌పొజిషన్ (ఆరంభ విభాగం) మళ్లీ వాయిస్తే రెండు నిమిషాలు పెరుగుతుంది. పైగా మళ్లీ ఎక్కడి నుంచి మొదలుపెట్టాలన్నది ఎడిషన్‌ను బట్టి మారుతుంది. ఆరంభంలోని నెమ్మదైన గ్రావే నుంచా, దాని తరువాత వేగంగా సాగే డోపియో మొవిమెంటో నుంచా అన్న వాదన పాతదే. వార్సా నిర్వాహకులు యాన్ ఎకీర్ సంపాదకత్వంలోని నేషనల్ ఎడిషన్‌ను సూచిస్తారు గాని వాడి తీరాలని పట్టుబట్టరు. ఏ దారి పట్టినా కారణం తెలిసి పట్టాలి. జ్యూరీలో ఆ వాదన తెలియనివాళ్లు ఉండరు.

ఇక వీడియో. దరఖాస్తు మొత్తంలో అసలు పరీక్ష ఇదే, కానీ జనం దీనికి ఇచ్చే శ్రద్ధ చాలా తక్కువ. నియమాలు సాధారణంగా ఇలా ఉంటాయి: ఒకే కెమెరా, కదలకూడదు, చేతులూ కీబోర్డూ ముఖమూ కనిపించాలి, రచన మధ్యలో కోత ఉండకూడదు. కొన్ని పోటీలు ప్రోగ్రామ్ మొత్తం ఒకే టేకులో అడుగుతాయి. రికార్డింగు ఎన్ని నెలల లోపుదై ఉండాలో కూడా చెబుతాయి.

కెమెరాను వాయించేవారి కుడివైపు, ప్రేక్షకులు చూసే దిక్కున, కూర్చున్న మనిషి భుజం కన్నా కాస్త ఎత్తులో పెట్టాలి. ఫోను వైడ్ లెన్సుతో దగ్గర నుంచి తీస్తే కుడిచేయి పెద్దదిగా, ఎడమచేయి బొమ్మచేతిలా కనిపిస్తుంది. దూరం జరిగి మామూలు లెన్సు వాడండి. ఎక్స్‌పోజర్, ఫోకస్ రెండూ లాక్ చేయాలి. లేకపోతే ముందుకు వంగినప్పుడల్లా చిత్రం వెలుగు మారుతూ కళ్లను లాగుతుంది. కరెంటు 50 హెర్ట్జ్ ఉన్న చోట షట్టర్ 1/50 పెడితే దీపాల మిణుకు పోతుంది.

ధ్వని విషయానికొస్తే, అన్నిటికంటే పెద్ద శత్రువు ఆటోమేటిక్ గెయిన్. ఫోన్లు, చాలా కెమెరాలు దానంతటదే ధ్వని స్థాయి సర్దేస్తాయి. నాక్టర్న్ (నెమ్మదైన చిన్న రచన) చివర మెల్లగా సన్నగిల్లుతున్న స్వరాన్ని అది పైకి లాగుతుంది, దాంతోపాటు గదిలోని ఫ్యాను హోరు కూడా లేస్తుంది. వెంటనే పెద్ద తీగమోత (కార్డ్, అంటే పలు స్వరాలు ఒకేసారి) వస్తే దాన్ని నొక్కేస్తుంది. జ్యూరీ చెవికి చేరేది అంతా ఒకే మట్టంలో ఉన్న వాయింపు. వడపోతలో వాళ్లు వెతికేది మెత్తదనానికీ మోతకూ మధ్య ఉన్న దూరాన్నే కాబట్టి, ఆ ఒక్క సెట్టింగు వల్ల ఏడాది సాధన వినిపించకుండా పోతుంది.

రెండు కండెన్సర్ మైకులు 17 సెంటీమీటర్ల ఎడంతో, 110 డిగ్రీల కోణంలో పెట్టే పద్ధతి పియానోకు బాగా పనిచేస్తుంది. పియానో వంపు నుంచి రెండు, రెండున్నర మీటర్ల దూరంలో, మూత అంచు ఎత్తుకు దగ్గరగా నిలబెట్టండి. మరీ దగ్గరైతే హామర్ల (తీగల్ని కొట్టే సుత్తుల) చప్పుడు, డ్యాంపర్ల (తీగల మోతను ఆపే దిమ్మెల) సర్రుమనే శబ్దం ముందుకొస్తాయి. మరీ దూరమైతే గది వినిపిస్తుంది, వేళ్లు వినిపించవు. ప్రోగ్రామ్‌లో అన్నిటికంటే పెద్ద తీగమోతను ముందే వాయించి, మీటరు మైనస్ 6 డెసిబెల్ దాటకుండా చూసుకుని, ఆ తరువాత నాబ్ ముట్టుకోకూడదు. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ చాలు. కృత్రిమ ప్రతిధ్వని అసలు కలపకండి, అనుభవమున్న చెవి రెండు స్వరాల్లో పట్టేస్తుంది.

ధ్వనిని వేరే రికార్డరులో తీసి తరువాత వీడియోకు అతికిస్తే రెండు చిక్కులు. ఒకటి, రెండు యంత్రాల గడియారాలు సరిగ్గా ఒకేలా నడవవు. మొదట చప్పట్టు కొట్టి కలిపినా పాతిక నిమిషాలయ్యేసరికి చేయి ముందు, స్వరం వెనక అవుతుంది. రెండోది, నియమాల్లో ఎడిటింగ్ పనికిరాదని రాసి ఉంటే ఇలా అతికించడం కూడా దాని కిందికే రావచ్చు. రికార్డరు అవుట్‌పుట్‌ను కేబుల్‌తో నేరుగా కెమెరాలోకి పంపితే రెండు చిక్కులూ తీరిపోతాయి. అప్పుడు బయటికొచ్చేది ఒకే ఫైలు.

పియానోను ముందురోజు సాయంత్రం శ్రుతి చేయించి, రికార్డింగు రోజు ఉదయం పై స్థాయిల్లోని యూనిసన్లను మరోసారి సరిచేయించాలి. ఒక్కో స్వరానికి ఉన్న మూడు తీగల్లో ఒకటి జారితే వచ్చే అలల్లాంటి కంపం మైకుకు మరీ స్పష్టంగా వినిపిస్తుంది. గట్టి ఎట్యూడ్లు (వేళ్ల నైపుణ్యం కోసం రాసిన రచనలు) రెండు మూడుసార్లు వాయించాక ముందు జారేవి అవే. గాలిలో తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే శ్రుతి నిలుస్తుంది. రికార్డింగు దీపాలను పియానోకు దగ్గరగా పెట్టి వేడెక్కించొద్దు. పెడల్ కిర్రుమంటుందేమో, కుర్చీ మూలుగుతుందేమో నిశ్శబ్దంలో ఒకసారి విని చూసుకోండి. హాల్లో అద్దె గంటలు నడుస్తుండగా ఆ కిర్రు బయటపడితే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

పాతిక నిమిషాల ప్రోగ్రామ్‌కు ఒక రోజులో పూర్తి టేకులు మూడుకు మించొద్దని మా అభిప్రాయం. నాలుగోదానికి తప్పులు తగ్గుతాయేమో గాని ప్రాణం పోతుంది. వినేవారు వందల వీడియోలు వింటారు. ఒక స్వరం తప్పిపోయినందుకు కాదు, ఏ స్వరమూ పట్టి నిలపనందుకు పక్కన పెడతారు. నియమం అనుమతిస్తే మొదట వాయించేది స్వరనాణ్యం చూపించే రచనై ఉండాలి.

యూట్యూబ్ లింకు అడిగితే అన్‌లిస్టెడ్ (లింకు ఉన్నవారికే కనిపించేది) అని పెట్టాలి. ప్రైవేట్ అని పెడితే జ్యూరీ దగ్గర తెరుచుకోదు, ఆ లింకు పనిచేయదని చెప్పేవాళ్లూ ఉండరు. వేరే ఫోనులో, లాగిన్ కాకుండా, తెరిచి చూసుకోండి. కొన్నిసార్లు యూట్యూబ్ యంత్రం మీరు వాయించినదాన్ని ఏదో పాత రికార్డుగా పొరబడి హక్కుల అభ్యంతరం పెడుతుంది. అది తేలడానికి రోజులు పడుతుంది కాబట్టి గడువుకు వారం ముందే ఎక్కించడం మంచిది.

ఇప్పుడు ఒక్కో పోటీ.

వార్సాలోని షోపాన్ పోటీ 1927లో యెజీ జురావ్లెవ్ మొదలుపెట్టినది, అయిదేళ్లకోసారి వస్తుంది. 2025లో 640కి పైగా దరఖాస్తులు వచ్చాయి. వయసు 16 నుంచి 30 మధ్య. వీడియో దాటినవాళ్లు ఏప్రిల్, మే నెలల్లో వార్సా వెళ్లి జ్యూరీ ముందు ప్రిలిమినరీ వాయించాలి, అసలు పోటీ అక్టోబరులో. అంటే రెండు ప్రయాణాలు, రెండు వీసా అవసరాలు. షెంగెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచీ దరఖాస్తు చేసుకోవచ్చు. ఆహ్వానలేఖ చేతికొచ్చిన రోజే అపాయింట్‌మెంట్ తీసుకోవాలి. కొన్ని పెద్ద పోటీల్లో మొదటి రెండు స్థానాలు గెలిచినవారికి ప్రిలిమినరీ నుంచి మినహాయింపు ఉంది, ఆ జాబితా నియమావళిలోనే ఉంటుంది.

ప్రోగ్రామ్ అంతా షోపానే. సంగీతం ఒకరిదే అయినా 2025 అమరిక సాధనను నాలుగు దిక్కులకు లాగింది. మొదటి రౌండులో ఎట్యూడ్‌తోపాటు వాల్ట్జ్, రెండో రౌండులో 24 ప్రిల్యూడ్లలోంచి వరుసగా ఆరు, మూడో రౌండులో సొనాటాతోపాటు ఒక పూర్తి మజుర్కా (పోలిష్ నాట్య లయలోని రచన) సంపుటి, ఫైనల్లో కన్చెర్టోకు (ఆర్కెస్ట్రాతో కలిసి వాయించే రచనకు) ముందు ఒంటరిగా ఓపస్ 61 పొలొనేజ్-ఫాంటసీ. వాల్ట్జ్ తేలిక అనుకున్నవాళ్లు మోసపోతారు. ఎట్యూడ్‌లో దాక్కోవడానికి వేగం ఉంటుంది, వాల్ట్జ్‌లో ఎడమచేతి లయ ఒక్కసారి బిగుసుకుంటే దాచడానికి చోటుండదు. మజుర్కాలకు విడిగా ఆరు నెలలు పెట్టుకోండి.

పియానో ఎంపిక ఈ పోటీలో గొప్ప సదుపాయం. 2025లో అయిదు కంపెనీల వాద్యాలు వేదిక మీద ఉన్నాయి: స్టైన్‌వే, యమాహా, షిగెరు కవాయి, ఫాత్సియోలి, బెక్‌స్టైన్. ఎంచుకోవడానికి పోటీదారుకు దొరికేది దాదాపు పావుగంట. అయిదింటికీ పంచితే తలా మూడు నిమిషాలు. ఆ మూడు నిమిషాల్లో తమ ప్రోగ్రామ్ వాయించుకుంటూ కూర్చునేవాళ్లు చివరికి అలవాటైన పేరునే ఎంచుకుంటారు. అలా కాకుండా, కుర్చీ ఎత్తు ముందే కొలిచి సెంటీమీటర్లలో రాసుకుని వెళ్లండి. ప్రతి వాద్యం మీదా అదే నాలుగు పరీక్షలు అదే వరుసలో చేయండి. మధ్య స్థాయిలో వినీవినిపించనంత మెత్తని తీగమోత, ఒకసారి ఎడమ పెడల్‌తో, ఒకసారి లేకుండా. ఒకే స్వరాన్ని వేగంగా పదేపదే, కీ పూర్తిగా పైకి రాకముందే మళ్లీ పలుకుతుందా అని. పై స్థాయిలో నాలుగు చరణాల రాగం, స్వరం గాజులా మోగి ఆగిపోతుందా లేక నిలుస్తుందా అని. మంద్రంలో ఒక ఆక్టేవ్ వేసి పెడల్‌ను సగం వదలడం, ఎంత లోతులో డ్యాంపర్ తీగను తాకుతుందో కాలికి తెలియడానికి.

మెత్తగా పలికేటప్పుడు ఏ వాద్యం చేతికి లొంగిందో దాన్నే ఎంచుకోండి. చెవి దగ్గర గట్టిగా మోగేది పదిహేనో వరుసలో కటువుగా వినిపించవచ్చు. నమ్మకమైన మనిషినొకరిని అక్కడ కూర్చోబెట్టి సైగ చేయించుకునే వీలుంటే అంతకన్నా కావలసింది లేదు. ఒకే పియానోను చాలామంది పంచుకుంటారు కాబట్టి టెక్నీషియన్ ఒకరి కోసం హామర్ల గుణం మార్చరు. ఫలానా కీ తడబడుతోంది, పెడల్ చప్పుడు చేస్తోంది అని చెబితే మాత్రం సరిచేస్తారు. చెప్పడానికి మొహమాటపడొద్దు. 2021లో బ్రూస్ లియు, 2025లో ఎరిక్ లూ, ఇద్దరూ ఫాత్సియోలి మీదే గెలిచారు. దాన్నిబట్టి ఆ పేరు వెంట పరుగెత్తడం మాత్రం తెలివితక్కువ. ఆ వాద్యం వాళ్ల చేతికి కుదిరింది, అంతే.

వాయించే వరుస ఇంటిపేరు అక్షరక్రమంలో, లాటరీలో తేలిన అక్షరం నుంచి మొదలవుతుంది. ఉదయం 10 గంటలకు, సాయంత్రం 5 గంటలకు రెండు పూటలు. పొద్దున్నే పదింటికి మొదటివారుగా కూర్చోవలసి రావచ్చు కాబట్టి, నెల ముందు నుంచీ ఆ వేళకే పూర్తి ప్రోగ్రామ్ వాయించి ఒంటికి అలవాటు చేయాలి. అక్టోబరు 17 షోపాన్ వర్ధంతి, ఆ రోజు పోటీ ఉండదు.

మా కొలబద్ద ప్రకారం వార్సాకు ఎక్కువ మార్కులు పడేది రికార్డింగు దగ్గర. మొదటి రౌండులో ఆగిపోయినవారు వాయించినది కూడా అదే కెమెరాలతో, అదే మైకులతో తీసి షోపాన్ సంస్థ యూట్యూబ్ చానల్‌లో ఉంచుతారు. సొంతంగా అలాంటి హాలు, అలాంటి పియానో, అలాంటి సిబ్బందిని పెట్టుకుంటే అయ్యే ఖర్చుతో పోలిస్తే ఫీజు లెక్కలోకే రాదు. రెండోది మార్కులు. పోటీ అయ్యాక జ్యూరీ సభ్యుల వారీగా అన్నీ ప్రకటిస్తారు. 2015 ఫైనల్లో విజేత సోంగ్-జిన్ చోకు ఒక జ్యూరీ సభ్యుడు పదికి ఒకటి వేశారు. ఆగిపోయినవాళ్లు ఈ పట్టికల్ని ఓపికగా చదవాలి. అందరూ మధ్యస్థంగా వేశారా, సగంమంది ఎక్కువా సగంమంది తక్కువా వేశారా అన్న తేడా చాలా చెబుతుంది. మొదటిది నచ్చే గుణం లేకపోవడం, రెండోది కొందరికి బలంగా నచ్చడం. 1980లో ఇవో పొగొరెలిచ్‌ను ఫైనల్‌కు పంపనప్పుడు ఆర్గెరిచ్ జ్యూరీ నుంచి తప్పుకున్నారు. గెలిచిన డాంగ్ థాయ్ సన్‌తోపాటు ఓడిన పొగొరెలిచ్ పేరూ లోకానికి తెలిసింది.

బ్రస్సెల్స్‌లోని క్వీన్ ఎలిజబెత్ పోటీ స్వభావమే వేరు. పియానో మొదటిసారి 1938లో జరిగితే ఎమిల్ గిలెల్స్ గెలిచారు. ఏడో స్థానంతో సరిపెట్టుకున్న ఆర్తురో బెనెదెత్తి మికెలాంజెలి ఆ మరుసటి ఏడే జెనీవాలో మొదటి బహుమతి తెచ్చుకున్నారు. ఇక్కడ సెమీఫైనల్‌కు రెండు వేర్వేరు కచేరీ ప్రోగ్రాములు ఇవ్వాలి, ఏది వాయించాలో జ్యూరీ చెబుతుంది. కాబట్టి ఒకటి గట్టిగా, ఇంకోటి నామమాత్రంగా తయారుచేసుకుంటే అసలుకే ఎసరు. ఇవి కాక ఆర్కెస్ట్రాతో ఒక మోట్సార్ట్ కన్చెర్టో.

ఫైనల్‌కు చేరిన 12 మందిని వారం పాటు వాటర్లూలోని మ్యూజిక్ చాపెల్‌లో ఉంచుతారు. బయటివాళ్లతో మాటలుండవు. చేతిలో ఎవరూ ముందు చూడని కొత్త కన్చెర్టో పెడతారు, గురువు సాయం లేకుండా దాన్ని నేర్చుకుని ఆర్కెస్ట్రాతో వాయించాలి. దీనికి తయారీ అంటే కొత్త స్వరలిపిని వేగంగా జీర్ణించుకునే అలవాటే. పోటీకి ఏడాది ముందు నుంచి నెలకో అపరిచిత సమకాలీన రచన తీసుకుని వారంలో ముగించడం సాధన చేయాలి. మొదటి రోజు పియానో ముట్టకుండా స్వరలిపి చదివి, కఠినమైన చోట్లకు వేళ్ల సంఖ్యలు రాసుకుని, ఆర్కెస్ట్రా ఎక్కడ అందుకుంటుందో గుర్తులు పెట్టుకున్నవాళ్లు ముందుంటారు.

జ్యూరీ సభ్యులు తమలో చర్చించుకోరు, మార్కులు మాత్రమే వేస్తారు. ఫైనలిస్టుల్లో ఆరుగురికే వరుస స్థానాలు, మిగతా ఆరుగురికి వరుస లేదు. ఇది మర్యాదగల పద్ధతి. అయితే వార్సాలో లాగా మార్కులు విప్పి చూపరు, ఆగిపోయినవాళ్లకు అదే లోటు. రికార్డింగుల భాండాగారం మాత్రం చక్కగా నిర్వహిస్తారు.

టెక్సస్‌లోని ఫోర్ట్‌వర్త్‌లో 1962 నుంచి నాలుగేళ్లకోసారి జరిగే వాన్ క్లైబర్న్ పోటీ బహుమతి లక్ష డాలర్లు, విజేతలకు మూడేళ్ల పాటు కచేరీల నిర్వహణ. మా లెక్కలో అంతకంటే విలువైనది వసతి. పోటీదారులు స్థానిక కుటుంబాల ఇళ్లలో ఉంటారు, ఆ ఇంట్లోనే స్టైన్‌వే గ్రాండ్ పెడతారు. సాధన గది కోసం వరుసలో నిలబడి, నలభై నిమిషాలకోసారి తలుపు తట్టించుకునే బాధ ఉండదు. అర్ధరాత్రి ఒక చరణం అనుమానం వస్తే లేచి చూసుకోవచ్చు. అయితే పియానో ఎంపిక స్టైన్‌వేల మధ్యే.

ఇక్కడ భారం రచనల మొత్తం. 2022 అమరికలో ప్రిలిమినరీకి 40 నిమిషాలు, క్వార్టర్‌ఫైనల్‌కు మరో 40, సెమీఫైనల్‌కు 60, దానికితోడు మోట్సార్ట్ కన్చెర్టో, ఫైనల్‌కు ఇంకో రెండు కన్చెర్టోలు. అన్నీ కలిపి 140 నిమిషాల కచేరీ, మూడు కన్చెర్టోలు. ప్రిలిమినరీలో అందరికీ ఒకే కొత్త రచన, ఆ ఏడాది స్టీఫెన్ హఫ్ రాసిచ్చారు. గెలిచిన యున్‌చాన్ లిమ్‌కు అప్పటికి 18 ఏళ్లు. సెమీఫైనల్లో లిస్ట్ ట్రాన్సెండెంటల్ ఎట్యూడ్లు పన్నెండూ, ఫైనల్లో రఖ్‌మానినోవ్ మూడో కన్చెర్టో వాయించారు. ఇంత సరుకు లేకుండా, మొదటి రౌండు దాటితే అప్పుడు చూద్దామని వెళ్లడం తగదు. రౌండ్ల మధ్య రోజుల్లో కొత్తగా సిద్ధం చేసే వ్యవధి ఉండదు. కన్చెర్టోలను ఒక్కసారైనా నిజమైన ఆర్కెస్ట్రాతో, వీలుకాకపోతే రెండో పియానో మీద వేర్వేరు మనుషులతో వాయించి వెళ్లాలి. ఒకే తోడువాద్యానికి అలవాటు పడితే కొత్త కండక్టర్ ఊపిరి అందుకోవడం కష్టం.

పూర్తిగా ఆన్‌లైన్లో నడిచే చిన్న పోటీల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఒక్కో విభాగంలో ఎన్ని మొదటి బహుమతులో లెక్క లేకపోవడం, జ్యూరీ పేర్లు ముందుగా పూర్తిగా చెప్పకపోవడం, సర్టిఫికెట్‌కు వేరే రుసుము, పేరున్న భవనంలోని చిన్న గదిలో విజేతల కచేరీకి విజేతలే డబ్బు కట్టడం: వీటిలో రెండు కనిపిస్తే వదిలేయండి. ఇలాంటివి పరిచయపత్రంలో వరుసగా రాసుకుంటే చదివేవారికి గౌరవం పెరగదు, తగ్గుతుంది. గడువులోపు రికార్డు చేసే అలవాటు కోసమైతే ఒకటి చాలు.

చివరిగా, ఆగిపోయిన రాత్రి చేయవలసిన పనులు. పేర్లు చదివేది చాలాసార్లు బాగా పొద్దుపోయాక. వసతీ సాధన గదీ ఎప్పటిదాకా ఉంటాయో ముందే అడిగి తెలుసుకోండి, తిరుగు టికెట్ తేదీ మార్చుకునేదిగా తీసుకోండి. జ్యూరీ సభ్యులతో మాట్లాడే వీలు ఉందో లేదో కార్యాలయంలో ఆ మర్నాడే అడగాలి. దొరికితే ఎందుకు ఓడాను అని అడగకండి. ఫలానా రచనలో ఫలానా చోట నా పెడల్ హాల్లో ఎలా వినిపించింది, రెండో రచనలో నా ఎడమచేయి మీకు బరువుగా అనిపించిందా అని అడగండి, పనికొచ్చే జవాబు వస్తుంది. ఆ తరువాత నిర్వాహకుల వీడియోలో మీ వాయింపు ఏ నిమిషం దగ్గర మొదలవుతుందో చూసి, నేరుగా అక్కడే తెరుచుకునే లింకు తీసి పెట్టుకోండి. కచేరీ నిర్వాహకులకు పంపే ఉత్తరంలో మొదటి వాక్యం కింద ఆ లింకే ఉండాలి.